శల్యం కదులుతుందా?

తెలుగులో 'శల్యం' అన్న మాట ఇప్పుడు నాలుగైదు చోట్లే బతికి ఉంది. బాగా చిక్కిపోయిన మనిషిని శల్యమైపోయాడంటాం, కాస్త గ్రంథాలు చదివినవాళ్ళు శల్యావశిష్టుడంటారు. ఒక సంగతిని గుచ్చి గుచ్చి చూస్తే అది శల్యపరీక్ష. పక్కనే కూర్చుని మన ధైర్యం తీసేవాడిది శల్యసారథ్యం. ఇక ఆయుర్వేద కళాశాలల్లో కోత వైద్యం చెప్పే శాఖకు శల్యతంత్రం అని పేరు. మా కల్వకుర్తిలో నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఈ మాట వినపడదు. ఎముకను మేం బొక్క అంటాం. చిక్కినవాణ్ణి చూసి 'బొక్కలు తేలినయ్' అంటాం.

శల్యమంటే ఎముక అన్న అర్థం ఎంత గట్టిగా నాటుకుందంటే, శల్యవైద్యుడంటే బొక్కల డాక్టరేమో అనుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనూ ఉన్నారు. మాట పుట్టింది అక్కడ కాదు. అమరకోశంలో శల్యం శంకువుకు పర్యాయపదం, అంటే విసిరితే పోయి గుచ్చుకునేది. బాణం కొసన ఉండే ఇనుప ములికి శల్యం. ఒళ్ళంతా ముళ్ళున్న ఏదుపందికి సంస్కృతంలో శల్యకమని పేరు. ఇల్లు కట్టబోయే నేలలో ఎముకలో బొగ్గులో పూడి ఉంటే వాస్తు చెప్పేవాళ్ళు దాన్ని శల్యదోషమంటారు, తవ్వి తీసేయమంటారు. మట్టిలో దొరికే ఆ ఎముక దగ్గరే మన తెలుగు శల్యానికి ఎముక అర్థం స్థిరపడిందని నా ఊహ. శల్యపరీక్ష కూడా అక్కడిదే కావచ్చు. నేలలో ఏం దాగి ఉందో చూసే పరీక్ష అది.

ఈ మాటను వైద్యుడి చెవితో విన్నవాడు సుశ్రుతుడు. ఆయన సంహితలో సూత్రస్థానం 26వ అధ్యాయం పేరు ప్రనష్టశల్యవిజ్ఞానీయం. ప్రనష్టమంటే కనపడకుండా పోయినది. ఒంట్లో దిగి, ఎక్కడుందో జాడ తెలియని వస్తువును కనిపెట్టడం ఎలా అన్నదే ఆ అధ్యాయం. మొదట్లోనే ఆయన శల్యాన్ని 'శల' ధాతువు నుంచి తెచ్చాడు. దాని అర్థం వడిగా పోవడం. ఈ వ్యుత్పత్తి నేటి భాషాశాస్త్రం ముందు నిలుస్తుందో లేదో పండితులు తేల్చాలి. ఆ మాటలో వైద్యుడికి ఏం వినపడిందన్నదే నాకు ముఖ్యం. శల్యం అనగానే ఆయనకు దాని పదును కన్నా, బరువు కన్నా, దాని నడక ముందు గుర్తొచ్చింది.

శరీరాన్ని బాధించే ప్రతిదీ శల్యమేనని ఆయన విశాలంగా చెప్పి, దాన్ని రెండుగా విడదీశాడు. ఒంట్లోనే పుట్టేది శారీరం, బయటి నుంచి వచ్చేది ఆగంతుకం. ఆగంతుకాల్లో ఇనుము, వెదురు, కట్టె, గడ్డి, కొమ్ము, ఎముక వస్తాయి. ఆ వరసలో ఎముక ఒక పేరు మాత్రమే. మనం ఆ ఒక్కదాన్నే ఉంచుకుని తక్కినవన్నీ జారవిడిచాం. వాటితోపాటు నడకనూ జారవిడిచాం.

అయితే ఆ నడక మా ఊళ్ళ మాటల్లో ఇంకో దారిన మిగిలే ఉంది. పాత చీరలన్నీ పోగేసి బొంతలు కుట్టే అవ్వలు పిల్లలను దగ్గరికి రానీయరు. 'సూది ఇరిగి నరంల వడితే గుండెకు వోతదిర' అంటారు. ఈ నమ్మకం దేశమంతా ఉంది, మా పాలమూరు దిక్కు మరీ గట్టిగా ఉంది. నరం అన్న మాటను ఇక్కడ కాసేపు పట్టి చూడాలి. నెత్తురు పారే గొట్టమూ నరమే, స్పర్శ మోసే తీగా నరమే. దవాఖానలో సెలైన్ పెట్టే నర్సు చేయి తట్టి 'నరం దొరుకుతలేదు' అంటే అది సిర. పక్షవాతం వచ్చినాయన 'నరాలు గుంజుతున్నయ్' అంటే అది వేరే. ఒకే మాట రెండింటికి వాడడం వైద్యానికి ఇబ్బందే. అయినా అవ్వ చెప్పిన వాక్యంలో నరం సరిగ్గా సిరే, పైగా అది పోయే దిక్కును కూడా ఆమె సరిగ్గానే చెప్పింది.

మన భాషలో 'ఎక్కు' అన్న క్రియ ఈ దిక్కును పట్టుకుని ఉంది. గ్లూకోజు ఎక్కిస్తారు. నెత్తురు ఎక్కిస్తారు. పాము కరిస్తే విషం ఎక్కిందంటారు. చేతికో కాలికో తగిలినది గుండె వైపు ఎక్కిపోతుందన్న ఎరుక ఇందులో ఉంది. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ మీద తన పుస్తకం అచ్చువేసినప్పుడు చూపించిన రుజువుల్లో ఒకటి, చేతికి కట్టు కట్టి సిరలు ఎట్లా ఉబ్బుతాయో, వాటిలోని కవాటాలు నెత్తురును ఎటు పోనిస్తాయో చూడడం. పాము కాటుకు పైన తాడు బిగించే పల్లె అలవాటు కూడా ఆ దిక్కును నమ్మిందే. అట్లా బిగించడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని, అవయవమే చచ్చిపోవచ్చని ఇప్పటి వైద్యం చెప్తుంది. దాన్ని మానేయాల్సిందే.

సిరలో పడిన వస్తువు గుండెదాకా ఎందుకు ఆగదు? మా దిక్కు నీళ్ళను చూస్తే అర్థమవుతుంది. చిన్న చిన్న వాగులు కలిసి దుందుభి అవుతాయి, దుందుభి కృష్ణలో కలుస్తుంది. వాగులో పడిన పుల్లకు ముందుకు పోయినకొద్దీ పాయ వెడల్పవుతుందే తప్ప ఇరుకు కాదు. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ దీనికి తిరుగుడు. పెద్ద కాలువ చీలి పిల్ల కాలువలై, పొలం గట్టున జానెడు బోదె అవుతుంది, అందులో పడ్డ పుల్ల ఎక్కడో ఒక చోట అడ్డంపడక తప్పదు. సిరలు వాగుల తీరు, ధమనులు కాలువల తీరు. సిరలో పడ్డది గుండె పై గదైన కుడి కర్ణికకు, అక్కడి నుంచి కింది గదైన కుడి జఠరికకు చేరుతుంది, అక్కడా చిక్కకపోతే ఊపిరితిత్తుల ధమనిలో ఆగుతుంది. ధమనిలో పడ్డది కాలికో చేతికో మెదడుకో పోయి నెత్తురును ఆపుతుంది. ఇంకో సంగతి. పుట్టకముందు రెండు కర్ణికల నడుమ ఉండే సందు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక కూడా పూర్తిగా పూడదు. అట్లాంటి మనిషిలో కుడి వైపు చేరిన తునక ఎడమకు దాటి మెదడుకు పోయే దారి ఉంటుంది.

అవ్వ మాట నిజమా అంటే, చాలాసార్లు కాదు. అరికాల్లోనో అరచేతిలోనో విరిగిన సూది సాధారణంగా అక్కడే ఉండిపోతుంది. కదిలినా కండలు ఆడేకొద్దీ కండల నడుమ కొద్దికొద్దిగా జరుగుతుంది, నెత్తురు మోసుకుపోవడం అరుదు. కానీ అరుదన్నది అబద్ధమన్నది ఒకటి కాదు. 1834లో ఇంగ్లండులో థామస్ డేవిస్ అనే వైద్యుడు ఒక సంగతి రాసిపెట్టాడు. పదేళ్ళ పిల్లవాడు రొట్టెలు కాల్చుకునే ఫోర్కు పిడితో ఆటతుపాకి చేసుకున్నాడు. అది పేలి, లోపల బిగించిన కట్టె ముక్క రొమ్ములోకి దూసుకుపోయింది. పిల్లవాడు అయిదు వారాలు బతికాడు. చనిపోయాక తెరిచి చూస్తే మూడంగుళాల కట్టె ముక్క గుండె కుడి జఠరికలో ఉంది. గుండె మీద మాత్రం ఎక్కడా గాయం లేదు! అది పెద్ద సిరలోకి దిగి, నెత్తురుతోపాటు గుండెకు చేరిందని డేవిస్ గ్రహించాడు. వైద్య రచనల్లోకెక్కిన ఇట్లాంటి ప్రయాణాల్లో ఇది తొట్టతొలివాటిలో ఒకటి. సుశ్రుతుడి వరసలో ఇనుము తరవాత వెదురూ కట్టే ఉండడం ఊరికే కాదు.

గుండె దిక్కు నడిచే ఇప్పటి శల్యాల్లో చాలా భాగం దవాఖానల్లోనే పుడుతున్నాయి, ఇది దాచాల్సిన విషయం కాదు. మెడ సిరలో గొట్టం వేసేటప్పుడు దారి చూపే తీగ చేయి జారి లోపలికి పోతుంది. మందు ఎక్కించే ప్లాస్టిక్ గొట్టం తెగి దాని ముక్క నెత్తురులో పడుతుంది. కాళ్ళలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు పోకుండా కడుపులోని పెద్ద సిరలో పెట్టే జాలీ విరిగి, దాని కాలొకటి గుండెకు చేరుతుంది. పగిలిన వెన్నుపూసలోకి ఎక్కించే సిమెంటు పక్క సిరలోకి కారి, గట్టిపడి, కుడి జఠరికలో ముల్లై కూర్చుంటుంది. భుజం బొక్కను కూర్చడానికి వేసే సన్నని స్టీలు తీగ భుజం ఆడేకొద్దీ జరిగి రొమ్ములోకి వచ్చిన సందర్భాలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. ఈ చివరిది మాత్రం నెత్తురులో ఈదదు, కండల నడుమ నడుస్తుంది. దవాఖాన బయటివి ఉండనే ఉన్నాయి. తుపాకి గుండ్లు, నాటు తుపాకి రవ్వలు, సమ్మెట దెబ్బకు ఉలి అంచు నుంచి చిట్లి ఎగిరే ఇనుప పెచ్చులు. రాళ్ళు కొట్టే పనికీ మట్టి పనికీ దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల ఒళ్ళకు ఆ పెచ్చు కొత్తది కాదు.

గుండెకు చేరాక అది ఏం చేస్తుంది? ఒక్కోసారి ఏమీ చేయదు. వేరే జబ్బుకు తీసిన ఎక్స్‌రేలో కనపడేదాకా మనిషికి తెలియదు. ఒక్కోసారి లయ తప్పుతుంది, లేదంటే జ్వరం పట్టుకుని వదలదు. దాని చుట్టూ గడ్డకట్టిన నెత్తురు విరిగి ఊపిరితిత్తులకు పోవచ్చు. అన్నిటికన్నా భయపడాల్సింది గోడను పొడుచుకుని బయటికి రావడం. కుడి జఠరిక గోడ మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల మందమే. రోజుకు లక్ష సార్లు ముడుచుకునే కండరం అది. దాని లోపల ఒక మొన నిలిచి ఉంటే ముడుచుకున్న ప్రతిసారీ అది గోడకు తగులుతుంది. గోడ చిల్లిపడితే నెత్తురు గుండె చుట్టూ ఉన్న సంచిలోకి చేరుతుంది. ఆ సంచి తొందరగా సాగదు. కొద్దిపాటి నెత్తురే గుండెను విచ్చుకోనీయకుండా అదిమేస్తుంది. 'గుండె పట్టేసింది' అని మనం ఊరికే అనే మాట అక్కడ అక్షరాలా జరుగుతుంది.

జాడ తెలియని శల్యాన్ని వెతకడానికి సుశ్రుతుడు చెప్పిన ఉపాయాలు చదివితే ఆ మనిషి ఎన్ని ఒళ్ళను తాకి చూశాడో తెలుస్తుంది. అనుమానమున్న చోట పేరిన నెయ్యి, మన్ను, గంధం పూయమంటాడు. లోపల శల్యముంటే అక్కడి వేడికి నెయ్యి కరుగుతుంది, పూత తొందరగా ఆరుతుంది. శల్యం సిరల్లోనో ధమనుల్లోనో పోయిందని తోస్తే, రోగిని చక్రం విరిగిన బండిలో ఎక్కించి ఎగుడుదిగుడు బాట మీద వడిగా తోలమంటాడు. ఆ కుదుపులకు ఎక్కడ నొప్పి లేస్తే అక్కడ అది ఉన్నట్టు! ఎక్స్‌రే లేని కాలంలో దొంగ వస్తువును కదిలించి పట్టుకునే పద్ధతి ఇది. సుశ్రుతుడికి రక్తప్రసరణ తెలుసని గొప్పలు పోయేవాళ్ళతో నేను కలవను. ఆయన లెక్కలో ఏడువందల సిరలూ బొడ్డు నుంచి మొదలవుతాయి, అది హార్వే గీసిన పటం కాదు. కానీ నెత్తురు దారుల్లో పడ్డ వస్తువు ఒకచోట ఉండదని, దాన్ని వెతికే పద్ధతి వేరుగా ఉండాలని ఆయనకు తెలుసు. ఆ మాత్రానికే దండం పెడతాను.

తీయడం గురించి 27వ అధ్యాయం. గుండె దగ్గర దిగిన శల్యమైతే చల్లని నీళ్ళు చల్లి రోగి ఉలిక్కిపడేట్టు చేసి, వచ్చిన దారినే వెనక్కి లాగమన్నాడు. యథామార్గం అన్నది ఆయన మాట. ఇంకో అధ్యాయంలో పట్టుకార్లను మృగాల, పక్షుల ముఖాల పేర్లతో చెప్పి, అన్నిట్లో కంకముఖం మేలన్నాడు. కొంగజాతి పక్షి ముక్కులా ఉండేది, సులువుగా లోపలికి పోయి, పట్టి, సులువుగా తిరిగొచ్చేది. ఇరవయ్యో శతాబ్దం ఈ రెండు మాటలకూ తనకు తెలియకుండానే తిరిగొచ్చింది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన ఎడమ చేతి సిరలో సన్నని గొట్టాన్ని 65 సెంటీమీటర్లు దూర్చుకుని, అట్లాగే నడిచి ఎక్స్‌రే గదికి పోయి, దాని కొస తన గుండెలో ఉన్నట్టు చూపించాడు. చేతి నుంచి గుండెకు దారి ఉందని అవ్వ భయంతో చెప్పిన మాటనే ఆయన వైద్యానికి వాకిలి చేశాడు. 1956లో నోబెల్ వచ్చింది. 1964లో అమెరికాలో గుండె దాకా పోయిన స్టీలు తీగ ముక్కను రొమ్ము కోయకుండా, కాలి సిర గుండా పొడవాటి పట్టుకారు పంపి బయటికి తీశారు. తరవాత పట్టుకారు స్థానంలో ఉచ్చు వచ్చింది. సన్నని గొట్టం కొసన మెలిక, దాంట్లో తీగ ముక్క కొస చిక్కగానే బిగించి వచ్చిన దారినే గుంజడం. పిట్టలకు పెట్టే ఉచ్చుకూ దీనికీ మాటలోనే కాదు, పనిలోనూ తేడా లేదు. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెతకు క్యాథ్‌ల్యాబులో ఇంత సరిగ్గా అచ్చుపడే పని ఇంకోటి ఉండదు.

తీయకూడని శల్యం కూడా ఉంది. సుశ్రుతుడు చెప్పిన మర్మాల్లో, అంటే దెబ్బ తగిలితే ప్రాణానికి ముప్పయ్యే చోట్లలో, మూడింటికి విశల్యఘ్నాలని పేరు. కణతల పైన రెండు ఉత్క్షేపాలు, కనుబొమల నడుమ స్థపని. అక్కడ దిగిన శల్యం ఉన్నంతసేపు మనిషి బతుకుతాడు, పీకితే పోతాడు. వస్తువే గాయానికి మూతగా నిలిచి ఉండడమన్న ఆ ఊహను మన కళ్ళ ముందరి ఒక సంగతి పక్కన పెట్టి చూడాలి. 2024 మే నెలలో ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా నుంచి ఒక గుత్తికోయ యువకుణ్ణి రొమ్ములో దిగిన బాణంతో మొదట భద్రాచలానికి, అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎంకు, చివరికి హైదరాబాదు నిమ్స్‌కు తెచ్చారు. బాణం గుండె కుడి జఠరికను తాకింది. దిగిన చోట నెత్తురు గడ్డకట్టి కారకుండా ఆపిందని అప్పుడు పత్రికలు రాశాయి. దారిలో ఎవరైనా తొందరపడి గుంజి ఉంటే ఆ మూత ఊడిపోయేది. నిమ్స్ గుండె శస్త్రవైద్యులు దాన్ని జాగ్రత్తగా తీసి ప్రాణం నిలిపారు. ఆ బాణం నెత్తురులో ప్రయాణించి రాలేదు, నేరుగా దిగింది. అయినా శల్యం అన్న మాటకు మొట్టమొదటి అర్థం అదే కదా, ఇనుప ములికి. నిమ్స్ మొదట్లో నిజాం ఆర్థోపెడిక్ దవాఖాన, అంటే బొక్కల దవాఖాన. శల్యానికి ఉన్న రెండర్థాలూ ఒకే ఆవరణలో చేరాయి.

తీయాలా, ఉంచాలా అన్నది ఇప్పటికీ తేలిక ప్రశ్న కాదు. రెండో ప్రపంచయుద్ధంలో డ్వైట్ హార్కెన్ అనే అమెరికన్ సర్జన్ సైనికుల గుండెల నుంచి, గుండె పక్క పెద్ద నాళాల నుంచి 134 తునకలు తీశాడు, ఒక్కరూ చనిపోలేదు. అంతకుముందు దాకా గుండె మీద చేయి వేయడానికే వైద్యులు జంకేవారు. ఇంత చేయి తిరిగినా, గుండె కండలో పాతుకుని, నున్నగా, కదలకుండా ఉన్న చిన్న రవ్వను అట్లాగే వదిలి కనిపెట్టి చూడడమే మేలని నిర్ణయించే సందర్భాలున్నాయి. నిర్ణయమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అది కదులుతుందా? సుశ్రుతుడు ధాతువులో విన్న ప్రశ్న అదే.

ఆ 27వ అధ్యాయంలో శల్యాలు తీసే పదిహేను ఉపాయాలున్నాయి. తనంత తాను రావడం, పండించడం, కోయడం, పిండడం, ఊదడం, పీల్చడం ఇట్లా సాగుతాయి. చివరి రెండూ అయస్కాంతం, హర్షం. గుండెలో నిలిచిన శోకం కూడా ఆయనకు శల్యమే, దాన్ని తీసే పనిముట్టు సంతోషం. ఇనుప ములికినీ దుఃఖాన్నీ ఒకే అధ్యాయంలో, ఒకే పేరుతో, ఒకే గంభీరతతో చూసిన వైద్యుడాయన. 'గుండె కలుక్కుమంది' అని మనం అంటున్నామంటే ఆ చూపు మనలో ఇంకా ఉన్నట్టే. కలుక్కుమనడం ముల్లు చేసే పని.

శల్యసారథ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నకుల సహదేవుల మేనమామ, మద్రరాజు శల్యుడు దుర్యోధనుడి మర్యాదలకు కట్టుబడి కౌరవుల వైపు చిక్కి, కర్ణుడి రథమెక్కి, మాటలతో అతని గుండెను పొడిచాడు. తనది కాని సేనలో దిగబడిన ఆగంతుక శల్యం అతను. పేరు చూసి పాత్ర వచ్చిందో, పాత్రకు పేరు పెట్టారో గానీ, ఈ నుడికారంలో మాత్రం తెలుగు శల్యానికి ఎముక అర్థం ఇవ్వలేదు. ముల్లుగానే ఉంచింది.

ఇక వైద్యం తెలుగులో ఈ వస్తువును ఏమనాలి? పత్రికలు విదేశీ వస్తువు అని రాసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కల్వకుర్తిలో కొన్న సూది విదేశీ ఎట్లా అవుతుంది? అన్యపదార్థం అనొచ్చు, కానీ దాంట్లో కదలిక లేదు. డాక్టర్లు ఎంబోలస్ అంటారు, అది గ్రీకులో లోపలికి తోసినది, బిరడా. ఆ మాట అడ్డుపడడాన్ని చెప్తుంది. శల్యం పోవడాన్ని చెప్తుంది. నా మటుకు నేను శల్యం అనే రాయమంటాను. నెత్తురులో పోయేదైతే సంచారశల్యం, నిలిచిపోయినదైతే స్థిరశల్యం. ఊళ్ళో చెప్పేటప్పుడు 'నడిచే ముల్లు', 'నిలిచిన ముల్లు' అంటే అవ్వకు కూడా విడమర్చాల్సిన పని ఉండదు.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. కల్వకుర్తి సర్కారు దవాఖాన నుంచి పాలమూరుకో, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని హైదరాబాదుకో పంపిన రోగి చేతిలో ఇంగ్లిషు చీటీ ఉంటుంది. ఒంట్లో ఒక లోహపు ముక్కను ఉంచి ఇంటికి పంపితే, ఆ సంగతి ఆ చీటీలోనే ఉండిపోతుంది. కొన్నేళ్ళకు నడుము నొప్పికో తలనొప్పికో ఎంఆర్‌ఐ తీయమంటారు. అది పెద్ద అయస్కాంతం. సుశ్రుతుడు శల్యం తీయడానికి చెప్పిన పనిముట్టే, కానీ గుండెలోనో కంట్లోనో ఇనుప రవ్వ ఉన్న మనిషిని తెలియక అందులోకి పంపితే అది స్థిరశల్యాన్ని కదిలించే పనిముట్టవుతుంది. గది బయట టెక్నీషియన్ 'ఒంట్లో ఇనుమేమన్నా ఉందా' అని అడుగుతాడు. ఉందని చెప్పాలంటే ఆ మనిషికి ముందు తెలిసి ఉండాలి. అందుకే డిశ్చార్జి చీటీ మీద మూడు ముక్కలు తెలుగులో ఉండాలి: ఏ శల్యం, ఎక్కడుంది, కదులుతుందా.